వెనక్కి వచ్చే కరెంటు

లాజరు గారు ముప్పై మూడేళ్ళు కరెంటు స్తంభాలెక్కి బతికిన మనిషి. కొవ్వూరుకి ఐదారు మైళ్ళ దూరంలో, కాలవగట్టు పక్కనున్న వాళ్ళ ఊళ్ళో ఏ స్తంభం నుంచి ఎన్ని ఇళ్ళకి తీగలు వెళ్తాయో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలరు. లైన్‌మన్‌గా రిటైరైన ఏడాదే పాత ఇల్లు విప్పేసి కొత్తది కట్టించుకున్నారు. ఆ ఇంటిని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చేవారు.

చూడదగ్గ ఇల్లే అది. గోడల్లో ఇటుకకీ ఇటుకకీ మధ్య బోలు వదిలి కట్టించారు. వైశాఖంలో కూడా బయటి వేడి లోపలికి దిగదు. కాలవ మీది గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఎదురు కిటికీలోంచి పోతుంది. కప్పు మీద సోలార్ పలకలు, వరండా మూల గదిలో ఇన్వర్టరూ బ్యాటరీ. దొడ్లో ఉన్న రెండు గేదెల పేడతో పొయ్యికి సరిపడా గ్యాసు. భార్య సంపూర్ణమ్మ గారైతే ఆదివారం చర్చి అయ్యాక అందరికీ చెప్పేవారు, "మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే, పాత ఇంట్లో గుడ్డిబల్బు తాగినంత కరెంటు కూడా తాగదండి" అని.

లాజరు గారు మాత్రం ఆ ఇంటి గురించి ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆ ఇల్లంటే ఆయనకి ప్రాణమే. కానీ కరెంటు పుట్టే ఇల్లంటే ఆయనకి భయం కూడా.

ఆ భయం పేరు రాముడు. పదహారేళ్ళ కిందట ఓ గాలివాన వెలిసిన మర్నాడు తెగిన తీగలు కలపడానికి ఆయనా, తోటి లైన్‌మన్ రాముడూ కలిసి వెళ్ళారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను ఆపింది లాజరు గారే. "ఎక్కరా రాముడూ, లైను క్లియరే" అన్నదీ ఆయనే. ఆ వీధిలో ఓ పెళ్ళివారింట్లో జనరేటరు పెట్టుకుని, మెయిన్ స్విచ్ ఆపకుండా ఇంటి వైరింగుకి కలిపేశారు. ఆ కరెంటు ఇంట్లో వెలుగుతూ వెలుగుతూనే, సర్వీసు తీగ పట్టుకుని వెనక్కి, స్తంభం మీదికి వచ్చింది. ప్రాణం పోయినా రాముడు కిందికి పడనైనా పడలేదు. నడుముకున్న బెల్టు ఆపేసింది. విచారణలో లాజరు గారి తప్పేమీ లేదని రాశారు. ఆయన మాత్రం ఆ తర్వాత ఇంకెవర్నీ "ఎక్కు" అనలేదు. తనే ఎక్కేవారు.

అందుకే కొత్తింట్లో సోలార్ బిగించిన కుర్రాడు "లైన్లో కరెంటు పోతే ఇన్వర్టరు తనంతట తనే వీధి వైపు ఆపేస్తుందండి, భయం లేదు" అన్నా ఆయన వినలేదు. ఇంటికీ వీధి లైనుకీ మధ్య ఓ పెద్ద స్విచ్ పెట్టించి తాళం వేయించారు. ఊళ్ళో కరెంటు పోయిందంటే చాలు, స్విచ్ దించి, ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకునేవారు. సంపూర్ణమ్మ గారు చొక్కాలు ఉతికే ముందు జేబులు తడిమి చూడటం అలవాటు చేసుకున్నారు.

పోయినేడు కార్తీకంలో తుఫాను వచ్చింది. ఒక రాత్రీ ఒక పగలూ గాలి. తెల్లారి చూస్తే వాళ్ళ వీధికి రెండు వైపులా కొబ్బరిచెట్లు పడి తీగలు తెగిపోయి ఉన్నాయి. వీధి మొత్తంలో లాజరు గారింట్లోనే ఫ్యాను తిరుగుతోంది.

ఆ మధ్యాహ్నం పక్కింటి జగదాంబ గారు వచ్చారు. వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టు వాళ్ళదే. భర్తకి షుగరు, ఇన్సులిను ఫ్రిజ్‌లో ఉండాలి.

"మందు మా ఫ్రిజ్‌లో పెట్టుకోండమ్మా" అన్నారు లాజరు గారు.

"మందొక్కటే అయితే అదే పని చేద్దునండి అన్నయ్యగారూ. కొట్లో పాల ప్యాకెట్లూ, పెరుగూ అన్నీ తెచ్చి ఇంట్లో ఫ్రిజ్‌లో కుక్కేం. ఒక్క వైరు ఇవ్వండి. మీ మేలు మర్చిపోను."

లాజరు గారి చెయ్యి చొక్కా జేబులోని ఫ్యూజుల మీదికి వెళ్ళింది. సంపూర్ణమ్మ గారు లోపల్నుంచి "పొరుగువాళ్ళు నోరు తెరిచి అడిగితే ఏంటండీ ఆలోచన?" అన్నారు. నిజమే మరి. కళ్ళెదురుగా మందు పాడైపోతుంటే, మన గోడకివతల దీపం వెలిగించుకుని కూర్చోవడం ఏం న్యాయం? ఆయన ఓ పొడుగు వైరు తీసి, చివర సాకెట్ పెట్టె బిగించి, గోడ మీదుగా అటు వేశారు.

"ఫ్రిజ్ ప్లగ్గు ఈ పెట్టెలోనే పెట్టాలి. దీన్ని మీ గోడ సాకెట్లకి కలపకూడదు. మీ మెయిన్ స్విచ్ ఆపారా?"

"ఆపే ఉందండి."

పక్కనే ఆవిడ అల్లుడు బుల్లిబాబు ఉన్నాడు. పెద్దాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. తుఫానుకి ముందురోజు వచ్చి ఇక్కడే చిక్కుకుపోయాడు. "నాకు తెలుసు కదండి బాబాయ్ గారూ, మాదీ ఎలక్ట్రికల్ లైనే" అని నవ్వాడు. ఆ నవ్వు లాజరు గారికి రుచించలేదు. రాత్రంతా ఆయనకి కలత నిద్రే.

మర్నాడు పొద్దున్న పదింటికి లైన్‌మన్ గణేష్‌బాబు వచ్చాడు. లాజరు గారి దగ్గరే పని నేర్చుకున్నవాడు. నలభై దాటాయి. చెట్లు పడి జీపు కాలవ అవతలే ఆగిపోతే, బెల్టూ కటింగ్ ప్లేయరూ భుజాన వేసుకుని నడిచి వచ్చాడు.

"ఎర్తు గొలుసేదిరా?" అన్నారు లాజరు గారు గేటు దగ్గరే ఆపి. పని మొదలెట్టే ముందు ఆ గొలుసుతో తీగని భూమికి కలిపేస్తే, దొంగకరెంటు వచ్చినా మనిషిని ముట్టదు.

"జీపులో ఉండిపోయింది బాబాయ్. మళ్ళీ వెళ్ళి రావాలంటే మధ్యాహ్నం అయిపోద్ది. పైనుంచి లైను ఆపించేనండి. ఇక్కడ రెండేపులా తెగే ఉంది కదా."

"టెస్టరు పెట్టకుండా ముట్టుకోకు."

"ఆయ్, అలాగేనండి."

గణేష్‌బాబు చర్చి మలుపు దగ్గర స్తంభం వైపు వెళ్ళిపోయాడు. లాజరు గారు వెనకాలే వెళ్దామనుకున్నారు. మోకాలు వాచి ఉంది, వీధి నిండా బురద. వెళ్ళకుండా వరండా మూల గదిలో ఇన్వర్టరు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. దాని మీద అంకె కనిపిస్తుంది, ఇన్వర్టరులోంచి ఎన్ని వాట్ల కరెంటు పోతోందో. మూడొందల ఇరవై. వాళ్ళ ఫ్యానూ, రెండు ఫ్రిజ్‌లూ. మూడొందల ఇరవై ఐదు. మళ్ళీ మూడొందల ఇరవై.

ఉన్నట్టుండి వీధిలో కేక. ఒకటి కాదు, నాలుగైదిళ్ళలోంచి ఒక్కసారే. "కరెంటొచ్చిందోయ్!"

లాజరు గారు అంకె వైపు చూశారు. పదిహేడొందలు.

లైన్లో నిజంగా కరెంటు వస్తే ఆయన ఇంట్లో అంకె పెరగదు. ఆయన ఫ్యూజులు ఆయన జేబులోనే ఉన్నాయి. అంటే వీధిలో వెలుగుతున్నది ఆయన ఇంటి కరెంటే. గోడ దాటిన ఆ వైరులోంచి పక్కింట్లోకీ, పక్కింట్లోంచి స్తంభం మీదికీ వెళ్ళిపోతోంది.

చెయ్యి ఎలా లేచిందో ఆయనకి తెలీదు. బ్రేకరు దించేశారు. ఫ్యాను ఆగింది. వీధిలో కేకలు కాస్తా "అబ్బా" అని నీరసంగా చల్లారిపోయాయి. ఆ అంకె మారడానికీ తను దించడానికీ మధ్య ఎంతసేపు పట్టింది? రెండు క్షణాలా? ఐదా? ప్రాణం పోవడానికి అందులో సగం చాలు.

చెప్పుల్లేకుండానే పరిగెత్తారు. పరుగంటే పరుగు కాదు, ఒక కాలు ఈడుస్తూ, బురదలో జారుతూ, పక్కవాళ్ళ గోడలు పట్టుకుంటూ. ఎవరో "ఏంటండి లాజరు గారూ, ఏమైందండీ?" అని అడుగుతున్నారు. ఆయన ఆగలేదు. మలుపు తిరిగేసరికి స్తంభం కనిపించింది. పైన గణేష్‌బాబు బెల్టుకి ఆనుకుని, మొహం స్తంభానికి ఆన్చి, కదలకుండా ఉన్నాడు.

"గణేషూ!"

పలకలేదు.

"ఒరే గణేషూ!"

రెండో కేక ఆయన గొంతులోంచి వచ్చినట్టే లేదు. పైనున్న మనిషి నెమ్మదిగా తల తిప్పాడు. నోట్లో కరిచిపట్టుకున్న స్క్రూ టెస్టరు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బాబాయ్... టెస్టరు వెలిగిందండి. తీగకి ఆన్చగానే వెలిగింది. ఎక్కణ్ణుంచి వస్తందో తెలీక, దేన్నీ ముట్టకుండా అలాగే ఉండిపోయేను."

"దిగు."

"పనవ్వలేదండి..."

"ముందు దిగమన్నానా!"

గణేష్‌బాబు దిగాక లాజరు గారు అతని రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తిప్పి తిప్పి చూశారు. తర్వాత అక్కడే బురదలో కూలబడిపోయారు. లేపడానికి ఇద్దరు కావలసొచ్చారు.

ఈలోగా బుల్లిబాబు వచ్చాడు. "ఏంటండి బాబాయ్ గారూ, మధ్యలో కట్టేసేరు? మావయ్యగారికి ఉక్కపోస్తందని ఫ్యానుకి కూడా కలిపేను. లోడు ఎక్కువైపోయిందాండి?" లాజరు గారిచ్చిన పెట్టె ఊడదీసి, వైరుకి రెండో చివర కూడా ప్లగ్గు బిగించి గోడ సాకెట్లో పెట్టేశాడు. దాంతో ఇల్లంతా వెలిగింది. ఇంటితో పాటు వీధీ వెలిగింది.

లాజరు గారికి చెయ్యెత్తాలనిపించింది. ఎత్తలేదు. గణేష్‌బాబు వైపు చూపించారు, అంతే. బుల్లిబాబు ఆ మనిషినీ, పై తీగనీ, మళ్ళీ ఆ మనిషినీ చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. అతని వెనకే వచ్చిన జగదాంబ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "కరెంటే లేదు కదా, ఇంక మెయిన్ ఆపేదేంటిలే అనుకున్నానండి అన్నయ్యగారూ. ఆపేనని చెప్పేసేను" అన్నారు.

పని మాత్రం అవ్వాలి. లాజరు గారు వీధిలో ఉన్న పదకొండిళ్ళకీ వెళ్ళారు. ఎవరి మాట మీదా నమ్మకం పెట్టుకోలేదు. ప్రతి ఇంట్లోనూ తనే మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, తువ్వాల్లో మూటకట్టారు. గొణిగినవాళ్ళు గొణిగారు. ఉన్న కాస్త కరెంటూ ఈయనే లాగేశాడన్నవాళ్ళూ ఉన్నారు. మూట పట్టుకుని స్తంభం దగ్గరికి వచ్చేసరికి గణేష్‌బాబు బెల్టు సరిచూసుకుంటున్నాడు.

"ఎక్కమంటారా బాబాయ్?"

లాజరు గారు మూట చంకన పెట్టుకుని స్తంభం మొదట్లో నిలబడ్డారు. "నేనిక్కడే ఉంటాను" అన్నారు.

గణేష్‌బాబు ఎక్కాడు. తీగకి టెస్టరు ఆన్చాడు, వెలగలేదని కిందికి చూపించాడు. తీగలు కలిపేదాకా గంటన్నర పట్టింది. అంతసేపూ లాజరు గారు తల పైకెత్తే ఉంచారు. ఆ తర్వాత రెండ్రోజులు మెడ తిరగలేదు.

కాలవ అవతలి లైన్లు కూడా బాగుపడాలి కాబట్టి, వీధికి కరెంటు నాలుగో రోజుకి గానీ రాలేదు. అప్పటిదాకా జగదాంబ గారి ఇన్సులిను లాజరు గారి ఫ్రిజ్‌లోనే ఉంది. పొద్దునా సాయంత్రం ఆవిడ వచ్చి తీసుకెళ్ళేవారు. పాలూ పెరుగూ పాడవకుండా ఊళ్ళోవాళ్ళకి పంచేశారు. ఫోన్ల ఛార్జింగు కోసం వచ్చినవాళ్ళందరికీ వరండాలోనే బల్ల వేశారు. ఎవరికీ వైరు మాత్రం ఇవ్వలేదు. మబ్బు విడవక బ్యాటరీ సగానికి పడిపోతే, సంపూర్ణమ్మ గారు ఫ్యాను కట్టేసి, ఫ్రిజ్ ఒక్కటీ నడిపించారు.

వెళ్ళిపోయే రోజు బుల్లిబాబు గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే గానీ రాలేదు. "నాకో మాట చెప్పండి బాబాయ్ గారూ. ఇంట్లో ఇన్వర్టరుంటే అది వీధిలోకి పోకుండా స్విచ్ ఎలా పెట్టాలి?" లాజరు గారు అతని మీద ఇంకా కోపంగానే ఉన్నారు. అయినా మూల గదిలోకి తీసుకెళ్ళి, తాళం తీసి, ఒక్కొక్కటీ చూపించారు. కోపం తన దగ్గరుంచుకుంటే ఏం లాభం, ఈ కుర్రాడు రేపు పెద్దాపురంలో ఇంకో పదిళ్ళకి వైరు కలుపుతాడు.

ఇప్పుడు ఆకాశం మూసుకొస్తే లాజరు గారు గొడుగేసుకుని వీధిలో బయల్దేరుతారు. తుఫాను తర్వాత ఇన్వర్టరు కొనుక్కున్న ప్రతి ఇంటి ముందూ ఆగి, "మెయిన్ చూపించండమ్మా" అంటారు. చెప్తే ఒప్పుకోరు, కళ్ళతో చూస్తారు. కొందరు విసుక్కుంటారు. ఈయనకిదో పిచ్చి అంటారు వెనకాల. జగదాంబ గారు మాత్రం ఆయన గేటు తీసేలోపే మెయిన్ దించి, ఫ్యూజు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు.