అవతలి వీధి పెళ్ళికి లాగిన వైరు

ప్రొద్దుటూరులో మాది వీడియో షాపు. పెళ్ళిళ్ళూ మేమే, పార్టీ మీటింగులూ మేమే. మా ఆయన కెమెరా పట్టుకుంటాడు. వైర్లు, టీవీలు, తిట్లు తినడం నా వంతు.

తిట్లంటే గుర్తొచ్చింది. ఒకసారి పులివెందులలో మీటింగు. కెమెరా స్టేజీ దగ్గర, పెద్ద తెర రోడ్డు మలుపులో. మధ్యన మా పాత రాగి వైరు. దూరం ఎక్కువైతే దాంట్లో బొమ్మ నీరసించిపోతుంది. సరిగ్గా నాయకుడు మైకు అందుకోగానే తెర నల్లబడింది. "ఏందప్పా, అవతలోళ్ళు పంపించినారా నిన్ను?" అని మా ఆయన కాలరు పట్టుకున్నారు. వైరుకు కూడా పార్టీ ఉంటుందని మా ఊళ్ళలో తప్ప ఇంకెక్కడా అనుకోరు. ఆ నెలలోనే ఫైబర్ వైరు కొన్నాం. అందులో బొమ్మ వెలుతురుగా మారి ప్రయాణిస్తుంది కాబట్టి అంత దూరానికీ చెక్కుచెదరదు. చూడ్డానికి మాత్రం బట్టలారేసే తాడు కన్నా సన్నం.

ఆ వైరుకు అసలు పని పడింది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో. ఫ్యాక్షన్ రోజుల్లో ఆ ఊరు రెండుగా చీలి, పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ అయింది. కొట్లాటలు ఆగి ఏళ్ళయ్యాయి. పైవీధి పిల్లా, కిందివీధి పిల్లోడూ కాలేజీలో ఇష్టపడ్డారు. పెద్దోళ్ళు కూర్చుని సరే అన్నారు. వాళ్ళలో పెళ్ళి మగపిల్లోడి ఇంటి ముందరే చేస్తారు. అక్కడే చిక్కొచ్చింది. పెళ్ళికూతురి జేజినాయన, అంటే వాళ్ళ నాయనను కన్నాయన, ఆ గొడవల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. పెళ్ళికి అడ్డు చెప్పలేదు గానీ, "ఆ గడప మాత్రం తొక్కను" అన్నాడు. పిల్లేమో అంతకన్నా మొండిది. "మా జేజినాయన చూడకుండా నేను తాళి కట్టించుకోను" అని మా షాపుకొచ్చి కూర్చుంది.

పెళ్ళికి ముందురోజు పందిట్లోంచి జేజినాయన ఇంట్లోని ఫోనుకు లైవు పెట్టి, మేళగాళ్ళతో ఒకసారి వాయింపించి చూశాం. మేళం చప్పుడు మిద్దెల మీదుగా నేరుగా వచ్చేస్తోంది. ఫోన్లో బొమ్మ మాత్రం ఆ తర్వాతెప్పుడో తీరిగ్గా వస్తోంది. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "మేళం నిలిచిపోయినాక తాళి కట్టేది యాడన్నా చూసినావా అమ్మా?" అన్నాడు. ఆయన మాట నిజమే. ఫైబర్ వైరు తెప్పించి, మిద్దెల మీదుగా రెండు వీధులు దాటించి, ఆయన ఇంట్లో టీవీకి తగిలించాం.

మరుసటి రోజు ఇంటిల్లిపాదీ పెళ్ళికి పోయారు. టీవీ ముందు ఆయనా, వైరుకు కాపలాగా నేనూ మిగిలాం. ఆయన కొత్త పంచె కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కిందివీధిలోంచి గట్టిమేళం వినిపించింది. అదే క్షణంలో తెర మీద పెళ్ళికొడుకు తాళి కట్టాడు. పెద్దాయన లేచి పళ్ళెంలోని అక్షింతలు టీవీ మీద చల్లాడు. సంతోషంతో నాకు గంతెయ్యాలనిపించింది.

"ఇప్పుడు నేను ఆ పాపకు కనపడతాండానా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా. బొమ్మ ఆడనుంచి ఈడికి వస్తాది. ఈడనుంచి ఆడికి పోదు."

"మరి నేను అక్షింతలేసినట్టు పాపకు ఎట్ల తెలుస్తాది?"

ఆయన మిగిలిన అక్షింతలు నా చేతిలో పోయబోయాడు. "నువ్వు పోయి వెయ్యమ్మా. నేనిచ్చినానని చెప్పు."

నాకెందుకో ఒళ్ళు మండింది. "ఎండలో మిద్దెలెక్కి వైరు లాగింది నేను. అక్షింతలు గూడా నేనే మోయాల్నా? కాళ్ళుండాయి గదా నీకు" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషితో అనే మాటేనా అది.

ఆయన టీవీ వైపు తిరిగాడు. తలంబ్రాల సందడి మధ్య పిల్ల మాటిమాటికీ తలెత్తి కెమెరాకేసి చూస్తోంది. ఆయన అక్షింతలు గుప్పిట పట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

నేను వెంట పోలేదు. వైరుకు కాపలా ఉండాలి కదా. కాసేపటికి ఆయన్ను ఆయన టీవీలోనే చూశాను. పందిట్లో జనం లేచి దారి ఇస్తున్నారు. పిల్ల కొంగుముడితో పెళ్ళికొడుకును లాక్కుంటూ ఎదురొచ్చింది. ఆయన గుప్పిట విప్పి ఇద్దరి నెత్తినా అక్షింతలు వేశాడు. పెళ్ళికొడుకు తాత స్వయంగా కుర్చీ తెచ్చి, భుజమ్మీది తువ్వాలుతో దులిపి వేశాడు. ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు. ఆ ఇంటి నీళ్ళు. ఆయన చెంబెత్తి తాగుతుంటే, ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.