మూతెడు నీళ్ళు

తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం ఎదురుచూస్తూ, చైనా పురాణగాథల మీద అల్లిన ఒక ప్రేమ నవల చదువుకుంటున్నాను. నదిని ఏలే డ్రాగన్ రాకుమారుడు ఒక మామూలు పల్లెపిల్లని ప్రేమిస్తాడు. వాడి పొగరు, ఆ పిల్ల మొండితనం నాకు తెగ నచ్చేశాయి.

పక్కన ఒకావిడ సీసా మూతలో నీళ్ళు పోసి భర్తకు ఇచ్చింది. ఆయన ఇంకో మూత అడిగాడు. ఆవిడ సీసాని సంచిలో పెట్టేసింది.

"డయాలసిస్‌కి తీసుకెళ్తున్నానమ్మా. నీళ్ళు కొలిచే ఇమ్మన్నారు డాక్టర్లు," అంది నాతో. "ఆ కథేదో ఈయనకి చెప్పు. కాసేపన్నా దాహం మర్చిపోతారు."

చెప్పాను. ఆయన నా వైపు జరిగి విన్నాడు. కరువులో దాహంతో పడిపోయిన ఆ పిల్ల కోసం రాకుమారుడు తన నది మొత్తాన్ని దోసిట్లో పట్టి తెస్తాడు. నవలలో ఆ పిల్ల ఆ నీళ్ళు కడుపారా తాగుతుంది; నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. అక్కడికి వచ్చి ఆగిపోయాను.

"తాగిందా?" అన్నాడాయన, పెదాలు తడుపుకుంటూ.

ఆవిడ నా వంకే చూస్తోంది.

"లేదండి. వద్దంది," అన్నాను.

"పిచ్చిపిల్ల," అని ఆయన మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఎవరికి ఆ కథ చెప్పినా, ఆ పిల్ల నీళ్ళు తాగిందని చెప్పలేకపోయాను.