నడిముక్క చదువు

కృతయుగంలో విద్య తపస్సు చేసినవారికి తనంతట తానే స్ఫురించేదనీ, త్రేతాయుగంలో గురువుగారి ఆవులను కాచినవారికి లభించేదనీ, ద్వాపరంలో చెవి ఒగ్గి విన్నవారికి దక్కేదనీ పెద్దలు చెప్పగా, ఈ కలియుగంలో మాత్రం గురువు సగం మాట అని ఆపితే తక్కిన సగం అరిచినవారందరికీ అది సమానంగా పంచబడుతున్న కాలాన, కొల్లేరు మొదట సరస్సుగా ఉండి, పిమ్మట చేపల చెరువులై, గట్లు తెగ్గొట్టాక మళ్లీ కొంత సరస్సై, తెగిన గట్లు మళ్లీ లేచాక తాను సరస్సో చెరువో తనకే తెలియని స్థితిలో ఉండగా, ఆ నీటి నడుమ, మండవల్లికి అవతల ఒక లంకలో, చెరువు కాపలా కాసే పెద్దింటయ్యకు ఏకైక పుత్రికగా పుట్టి, పేరుకు మాత్రమే మౌనిక అయిన ఒక బాలిక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతూ ఉండేది.

ఆ పేరు పెట్టినవాడు తండ్రి. పెట్టిన తరువాత ఆయనకు ఇంట్లో మౌనం అనే వస్తువు మళ్లీ కనబడలేదు. మాటలు వచ్చిన నాటినుంచీ ఆ పిల్ల నోట మొదటి మాట ‘ఎందుకు’, రెండో మాట ‘అయితే మరి’. నాయనమ్మ బుల్లెమ్మకు ఒక చెవి మందం. మనవరాలు మాట్లాడేటప్పుడు ఆమె తెలివిగా ఆ చెవినే ఇటు తిప్పి కూర్చునేది.

బడిలో సైన్సు చెప్పే సూర్యప్రకాశరావు మాస్టారు ఏలూరినుంచి రోజూ బస్సులో కొల్లేరు దాటి వచ్చేవారు. ఆయన మాట వెన్న. తొమ్మిదో తరగతి పిల్లలను కూడా ‘అండీ’ అని తప్ప పిలిచి ఎరుగరు. బెత్తం పట్టలేదు, కోపగించలేదు. ఆయనకున్నదల్లా ఒక్క అలవాటు. ఏ వాక్యాన్నీ చివరిదాకా తీసుకుపోయేవారు కారు.

“వేడి చేస్తే నీరు ఆవిరవు…” అని ఆగేవారు.

“తుందీ!” అని తరగతి పైకప్పు ఎగిరేది.

“ఇనుము తుప్పు పడు…”

“తుందీ!”

పూర్వం రాజాస్థానాలలో సమస్య ఇచ్చి పద్యం పూరించమనేవారు. అక్కడ కవి మూడు పాదాలు స్వయంగా కట్టుకోవలసి వచ్చేది గనుక అప్పుడప్పుడు తడబడేవాడు. ఇక్కడ నాలుగు పాదాలూ మాస్టారే కట్టి, ఆఖరి అక్షరం మాత్రం పిల్లలకు వదిలేవారు. కనుక పూరణ తప్పినవాడంటూ ఆ బడిలో ఒక్కడూ లేడు. తనిఖీకి వచ్చిన అధికారులు ఆ అరుపు విని, పిల్లలు చురుగ్గా ఉన్నారని మెచ్చుకుని వెళ్లేవారు.

ఇంకొకటి. పాఠం సరిగ్గా మధ్యకు వచ్చేసరికి మాస్టారి ఫోను మోగేది. మధ్యాహ్న భోజనపు గుడ్లకు ఫొటో, మరుగుదొడ్లకు ఫొటో, హాజరుకు ఫొటో. అన్నీ వేళకు యాప్‌లో పైకి ఎక్కించాలి. ఎక్కకపోతే సంజాయిషీ. ఆయన పరుగున వెళ్లి, గుడ్లను వరుసగా కూర్చోబెట్టి, ఫొటో తీసి, చెమట తుడుచుకుంటూ వచ్చి, “కనుక దీనివల్ల మనకు ఏమి తెలిసిం…” అనేవారు. “దీ!” అనేది తరగతి. పీరియడు అయిపోయేది.

ఇలా ఉండగా ఒక మబ్బురోజు గడిచిన తెల్లవారుజామున పెద్దింటయ్య కాపలా కాసే చెరువులో చేపలు నీటిమీదికి తేలి, నోళ్లు తెరిచి, గాలి మింగసాగాయి. పెద్దింటయ్య ఇంజను పెట్టి నీళ్లు ఎగజిమ్మించినా కొన్ని దక్కలేదు. చెరువు ఆసామి వచ్చి, కునుకు తీశావంటూ పదిమందిలో తిట్టాడు. తండ్రి రెప్ప వేయలేదని మౌనికకు తెలుసు. ఆ ఉదయమే బడిలో లేచి నిలబడింది.

“మాస్టారండీ, మబ్బు పట్టిన మర్నాడే చేపలు ఎందుకు తేలతాయండి? అదీ తెల్లారగట్లే ఎందుకండి?”

మాస్టారు నోరు తెరిచారు. ఫోను మోగింది. ఆయన ఫోనువంక చూసి, పిల్లవంక చూసి, “అది మన సిలబస్‌లో లే…” అన్నారు.

“దూ!” అంది తరగతి యావత్తూ.

ఆ అరుపులో తన గొంతు కూడా కలిసిందని మౌనికకు కూర్చున్నాక తెలిసింది. ఆ అవమానమే భరించరానిదైంది.

సాయంత్రం బొచ్చెచేప పులుసు. బుల్లెమ్మ ఎప్పటిలా తలకాయ కొడుక్కి వేసి, తోక తాను ఉంచుకుని, నడిముక్కలు మనవరాలి పళ్లెంలో పెట్టింది.

“రేపట్నించి నేను బడికెళ్లను,” అంది మౌనిక.

“ఎవరన్నా కొట్టారేంటే?” అన్నాడు పెద్దింటయ్య.

“కొట్టినా బాగుండేది నాన్నా. మాస్టారు తలకాయ చెప్తారు, మేం తోక అరుత్తాం. నడిముక్క మాత్రం ఎవరి పళ్లెంలోకెళ్తందో తెలీట్లేదు.”

బుల్లెమ్మ మంచి చెవి ఇటు తిప్పింది. “ఏంటే? బడిలో చేప పెడతన్నారా?”

“చదువే మామ్మా! చదువులో నడిముక్క!”

“అదైతే తప్పేనే,” అంది బుల్లెమ్మ గంభీరంగా. “కండంతా అక్కడే ఉంటది. పిల్లలకి తోకలేసేవోళ్లు ఏం పెద్దోళ్లే?”

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు హాస్టలు బడిలో చేర్పిద్దామని పెద్దింటయ్య ఆలోచన. మేనత్త కొడుకు ప్రవీణ్ అలాంటి చోటే చదువుతున్నాడు. ఆదివారం అతడు ఇంటికి రాగా మౌనిక పట్టుకుంది.

“బావా, మీ బడిలో నడిముక్క పెడతారా?”

సంగతి విని ప్రవీణ్ నిట్టూర్చాడు. “మాకు చేప మొత్తం పెడతారు మౌనీ. ముల్లు తియ్యరు, నమలనివ్వరు. మింగమంటారు. శనివారం పరీక్ష పెట్టి మళ్లీ కక్కమంటారు.”

“మరి ఎందుకని అడిగితే?”

“అడిగినోడికి ఇంకో గంట స్టడీ అవర్.”

తరువాత ఫోను ప్రయత్నం జరిగింది. పాఠాలు చెప్పే వీడియోల్లో ఒక అన్నయ్య నవ్వుతూ, “ఈ రోజు మనం చెరువులో ఆక్సిజన్ గురించి తెలుసుకుందాం,” అన్నాడు. మౌనిక తెరకు దగ్గరగా జరిగింది. కొల్లేటి మీది గాలికి సిగ్నల్ చెదిరి, తెరమీద చక్రం గిరగిర తిరిగింది, తిరిగింది, అలా తిరుగుతూనే ఉంది. చివరకు బొమ్మ కదిలేసరికి ఆ అన్నయ్య, “అర్థమైంది కదా! లైక్ చెయ్యడం మరిచిపోకండి,” అంటున్నాడు.

“ఇక్కడా తలా తోకేనా!” అని ఆ పిల్ల ఫోను మంచంమీదికి విసిరింది.

ఇక మిగిలింది ఒక్కటే. బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఆ రోజే టీసీ తీసుకుని హాస్టల్లో వేసేద్దామని పెద్దింటయ్య తీర్మానించాడు. మౌనికకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇక్కడ తోక, అక్కడ ముల్లు. ఇల్లూ, మామ్మా, ప్రశ్నా మూడూ ఒక్క కాగితంతో పోబోతున్నాయి.

సమావేశానికి షామియానా వేశారు. పిల్లలను భోజనపు వరుసలకు పంపి, పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టారు. మౌనిక మాత్రం నాయనమ్మ కొంగు వదలలేదు. సూర్యప్రకాశరావు మాస్టారు మైకు అందుకున్నారు.

“తల్లిదండ్రులందరికీ నమస్కారమండీ. మీ అందరి సహకారంవల్ల మన పాఠశాలలో విద్యాప్రమాణాలు ఏటేటా పెరుగు…” అని అలవాటు చొప్పున ఆగారు.

తోక అందించే పిల్లలు అక్కడ లేరు. పెద్దలకు ఆ విద్య రాదు. మైకు కుయ్యిమంది.

“పెరుగాండీ?” అంది ముందు వరుసలోని బుల్లెమ్మ. “పెరుగెక్కడేత్తన్నారండీ? మా పిల్ల ఎప్పుడూ గుడ్డూ చారే అంటాది!”

నవ్వులు లేచాయి. మాస్టారి ముఖం ఎర్రబడింది. “ఆ పెరుగు కాదమ్మా. పెరుగుతున్నాయి అని. మీరు పూర్తి చేస్తారేమోనని…”

“తమరు మొదలెట్టిన మాట మేం పూర్తి చెయ్యడమేంటండీ?” అంది బుల్లెమ్మ నొచ్చుకుంటూ. “తమరేం చెప్పబోతన్నారో మాకు ముందే తెలిత్తే, ఇంత దూరం రావడం ఎందుకండీ?”

ఆమె ఎకసెక్కంగా అనలేదు, నిజంగానే అడిగింది. మాస్టారు మైకు పక్కన పెట్టేశారు.

సభ ముగిశాక పెద్దింటయ్య తువ్వాలు చంకలో పెట్టుకుని, “పిల్ల టీసీ ఇప్పించాలండి,” అన్నాడు.

“అయ్యో, ఎందుకండీ?”

పెద్దింటయ్యకు భయభక్తులతో నోరు తడబడింది. “పిల్లకి నడిముక్క కావాలంటండి.”

“చేప పెట్టరండీ,” అన్నారు మాస్టారు కంగారుగా. “మెనూలో లేదండీ. గుడ్డేనండీ. కావాలంటే ఫొటోలు చూపిస్తా…”

ఇక మౌనిక ఆగలేకపోయింది. తల, తోక, నడిముక్క అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పాక తానే బెదిరి, “తప్పయితే క్షమించండి,” అంది.

ఫొటోలు చూపించబోయిన ఫోనును మాస్టారు జేబులో పెట్టేశారు.

“చేపల ప్రశ్నకు జవాబు నాకు ఆ రోజే తెలుసండీ, మౌనిక గారూ. గుడ్ల ఫొటోకు వేళ దాటిపోతోందని చెప్పలేదు.” తరువాత పెద్దింటయ్యవైపు తిరిగారు. “సోమవారం దాకా ఆగండి. మీరూ అమ్మగారూ వచ్చి క్లాసులో కూర్చోండి. అప్పటికీ తోకే అయితే టీసీ నేనే రాసిస్తా.”

సోమవారం మాస్టారు తరగతి గుమ్మంలో తన ఫోను తీసి, దీపారాధన ప్రమిదను అందించినట్టు బుల్లెమ్మ చేతిలో పెట్టి, ఆమెను గుమ్మం బయటే కూర్చోబెట్టారు. పాఠం మొదలైంది.

“చెరువులో నాచు పగలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది.”

“తుందీ!” అంది తరగతి.

“అది నేనే అనేశానండీ,” అన్నారు మాస్టారు. తరగతి సిగ్గుపడింది. “రాత్రి ఎండ ఉండదు. తయారీ ఆగిపోతుంది. కాని పీల్చడం ఆగదు. చేపా పీలుస్తుంది, నాచూ పీలుస్తుంది. పగలు దంచిన బియ్యం రాత్రంతా వండుకు తిన్నట్టు. అందుకే తెల్లారేసరికి కుండలో అడుగు కనిపిస్తుంది. మబ్బురోజు దంచింది తక్కువ, తినేవాళ్లు మాత్రం అంతమందే.”

బయట బుల్లెమ్మ చేతిలో ఫోను మోగింది. ఆమె దాన్ని మంచి చెవికి ఆనించి, “మాస్టారు పాఠంలో ఉన్నారండీ,” అంది. అవతల ఎవరో ఏదో అన్నారు. “గుడ్లు ఎక్కడికీ పోవండీ బాబూ, ఉడికిపోయాయి,” అని, ఎలా ఆపాలో తెలియక ఫోనును కొంగులో చుట్టేసింది.

లోపల వెనక బెంచీమీద పెద్దింటయ్య కళ్లు తుడుచుకున్నాడు. చేపలు తేలింది తన కునుకువల్ల కాదని ఒకరు పైకి చెప్పగా వినడం అతడికి ఇదే మొదలు.

“అయితే మరి,” అని మౌనిక లేచింది. “నాచంతా తీసి పారేత్తే సరిపోద్దా అండి?”

మాస్టారు ఆగారు. తరగతి అలవాటుగా నోరు తెరిచింది. పట్టుకోవడానికి తోక దొరకలేదు. తెరిచిన నోళ్లు మెల్లగా మూతపడ్డాయి. ఆ బడి గోడలు అటువంటి నిశ్శబ్దాన్ని ఎన్నడూ వినలేదు. మౌనిక కూడా, పుట్టిన తరువాత మొదటిసారి, తన పేరుకు తగినట్టు నిలబడింది.

“సరిపోదండి,” అంది చివరకు తనే. “పగలు దంచేదీ అదే కదండి.”

మాస్టారు నల్లబల్ల వైపు తిరిగి, అవసరం లేకపోయినా దాన్ని తుడిచారు.

పాఠం అయ్యాక గుమ్మంలో బుల్లెమ్మ కొడుకును అడిగింది. “టీసీ తీసుకున్నావంట్రా?”

“ఉండనీవే అమ్మా,” అన్నాడు పెద్దింటయ్య. “పిల్ల తింటంది.”

ఆ తరువాత మాస్టారు పూర్తిగా మారిపోయారంటే అది సత్యదూరం. సంజాయిషీ ఒకటి రానే వచ్చింది. వారంలో సగం రోజులు ఫోను మోగుతూనే ఉంది, తోకలు రాలుతూనే ఉన్నాయి. కాని సోమవారపు పీరియడు మాత్రం ఫోను బుల్లెమ్మ కొంగులో ఉంటుంది. ఆమె రాలేని రోజున పిల్లలు దాన్ని సుద్దముక్కల డబ్బాలో పెట్టి మూత వేస్తారు. మౌనిక పదో తరగతికి వచ్చింది. ‘ఎందుకు’ అలాగే ఉంది, ‘అయితే మరి’ ఇంకా పదునెక్కింది.

కొల్లేటి దేవత పెద్దింట్లమ్మ తల్లి చల్లని చూపువల్ల పెద్దింటయ్య చెరువుమీద మబ్బు నిలవకుండుగాక. ఆయన చేపలు తెల్లవారుజామున నీటి అడుగునే సుఖంగా ఉండుగాక. బుల్లెమ్మకు మంచి చెవి నూరేళ్లు నిలుచుగాక. సూర్యప్రకాశరావు మాస్టారి గుడ్లు ఆయన పాఠం అయ్యాకనే ఫొటోకు పిలుచుగాక. మౌనిక అడిగే ప్రశ్నకల్లా ఎదురుగా ఒక నిండు వాక్యం దొరుకుగాక. ఆ ఇంటి పళ్లెంలో, పలకలో, బతుకులో నడిముక్కకు ఏనాడూ లోటు లేకుండుగాక.