నేల ఆరేదాకా

పోయిన గురువారం తెల్లవారేసరికి మా అత్తమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. అందరికంటే ముందు లేచే మనిషి లేవకపోయేసరికి నేనే వెళ్ళి తట్టాను. చెయ్యి చల్లగా ఉంది. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఆమె నడిపిన కర్రీ పాయింట్‌కు వచ్చి కూరలు కట్టించుకుపోయినవాళ్ళకు ఆమె కొంత తెలుసు. తెలియనివాళ్ళకు కూడా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మామయ్య పోయాక, మా వీధి చివర ఒక మడిగె అద్దెకు తీసుకుని ఆమె ఆ అంగడి పెట్టింది. నేను కోడలిగా వచ్చేనాటికి వంటకు ఒక మాస్టర్, గిన్నెలు తోమడానికి నర్సమ్మ ఉండేవాళ్ళు. పనికోసం ఎవరు వచ్చినా, వంట వచ్చా అని అత్తమ్మ అడిగేది కాదు. ముందుగా అంగడి వెనక ఉన్న వంటింట్లోకి తీసుకెళ్ళేది. బియ్యం బస్తాలు జరిపి కింద ఊడవాలని, చేపలు కోసిన కత్తి కూరగాయలకు తగలకూడదని, మసిగుడ్డలు రోజూ ఉడకబెట్టి ఎండెయ్యాలని, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు పట్టిన జిడ్డు ఆదివారం వేడినీళ్ళతో గీకాలని చూపించేది. ఒప్పుకుంటేనే జీతం మాట. "పొయ్యి ఆర్పితే వంట అయిపోయినట్టు కాదు బిడ్డా, నేల ఆరినంక అయిపోయినట్టు" అనేది.

అంత పని అడిగిన మనిషి, కౌంటర్ తెరవకముందే అందరినీ కూర్చోబెట్టి వేడి అన్నం పెట్టేది. మిగిలింది తినడం పనివాళ్ళ వంతు అనే పద్ధతి ఆమెకు గిట్టదు. ఎవరికైనా చెయ్యి కాలితే వాళ్ళ నీళ్ళ పని తానే చేసేది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. ఆ తిట్లు నేనూ తిన్నాను.

ఒక వానాకాలం పొద్దున వంటింట్లో సింకు కింది మోరీ నిండిపోయి, మురికినీళ్ళు నేలమీదికి తన్నుకొచ్చాయి. అప్పటికే పప్పు, కూరలు దింపి ఉన్నాయి. మోరీ తీసే మనిషి వానకు రాలేదు. మాస్టర్ నర్సమ్మ వైపు చూసి, "నువ్వే తియ్యి. మీవోళ్ళకు అలవాటే గదా" అన్నాడు. నర్సమ్మ పీచు పక్కన పెట్టి చీర ఎగదోపుకుంది.

అత్తమ్మ ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నిన్ను గిన్నెలు తోమనీకి పెట్టుకున్న. వంటిల్లు నాది, మోరీ సుత నాదే. నువ్వు జెర పక్కకు జరుగు."

మోరీ మీది జాలీ ఎత్తి, మోచేతి దాకా లోపలికి పెట్టి, గడ్డకట్టిన అన్నమూ జిడ్డూ పిడికిళ్ళతో తీసి బకెట్లో వేసింది. నీళ్ళు గుడగుడమంటూ దిగిపోయాయి. వండినదంతా పారబోయించింది. ఆ రోజుకు అంగడి మూసి, స్నానం చేసి వచ్చి మాతోపాటు నేల కడిగింది. సాయంత్రానికి మాస్టర్ పని మానేశాడు. మోరీలో పెట్టిన చేత్తోనే ఆమె కూరలు వడ్డిస్తుందని బజారంతా చెప్పాడు.

గిరాకీ పడిపోయింది. కూరలు మిగిలి, మేమే రెండు పూటలా తిన్న రోజులున్నాయి. మోరీ తీసింది నర్సమ్మేనని చెబితే ఈ గొడవంతా పోతుంది కదా అని మా ఆయన ఒకనాడు అన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"చెయ్యని పని ఆమె మీద రుద్ది నేను మంచిగ కావాల్నా? అడిగినోళ్ళకు నేనే తీసిన అని చెప్పు. చేతులు కడుక్కున్న అని సుత చెప్పు."

అట్లాగే చెప్పాం. మాస్టర్ మానేశాక తానే వండుతున్న అత్తమ్మ, పొయ్యి దగ్గరికి నర్సమ్మను రమ్మంది. నర్సమ్మ చేతి వంకాయ కూర రుచి మాకు ముందే తెలుసు. కాని ఆమె వండుతోందని తెలిసి ఇంకొందరు రావడం మానేశారు. గిన్నెలు అత్తమ్మా నేనూ వంతులేసుకుని తోమాం. స్టేషన్‌లో రైలు దిగి ఇళ్ళకు పోయేవాళ్ళు, గదులు అద్దెకు తీసుకుని ఉండే పిల్లలు మెల్లగా అలవాటుపడ్డారు. వాళ్ళకు ఆ కథ తెలియదో, తెలిసినా పట్టించుకోలేదో. అంగడి నిలబడింది.

నర్సమ్మ పొయ్యి దగ్గరికి వచ్చాక ఎదురింటి పెద్దమ్మ మాత్రం మళ్ళీ మా కూర ముట్టలేదు. ఆమే అత్తమ్మా ఒకే ఏడు ఆ వీధికి కాపురానికి వచ్చారట. ఒకరి పురుడు ఒకరు చూసుకున్నవాళ్ళు. వాకిట్లో పలకరింపులు ఆగలేదు గాని, కూరగిన్నె వీధి దాటడం ఆగిపోయింది. ఒకసారి అత్తమ్మ చింతచిగురు పప్పు గిన్నెలో పోసి, మూత పెట్టుకుని మా గడప దాకా వెళ్ళి, అక్కడే కాసేపు నిలబడి వెనక్కి వచ్చింది. నేను చూశానని తెలిసి, "గిట్ల అయితదని ఆ రోజే ఎరుక. ఎరుక ఉంటే మాత్రం నొప్పి లేకుంట పోతదా?" అంది. ఆ సంగతి ఆమె నోట విన్నది ఆ ఒక్కసారే.

నేనిప్పుడు బేగంపేటలో ఒక హోటల్ వంటింట్లో, కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే ఉద్యోగం చేస్తున్నాను. ఏది ఎప్పుడు కడగాలో, ఏ గుడ్డ దేనికి వాడాలో చెప్పేటప్పుడు నా నోట వచ్చేవి చాలావరకు అత్తమ్మ మాటలే. ఇది నా పని కాదని ఎవరైనా అంటే వాదించను. ఆ పని నేనే మొదలుపెడతాను. కొందరు వచ్చి చెయ్యి వేస్తారు. కొందరు వెయ్యరు.

గురువారం మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళ కోసం నర్సమ్మ తన ఇంట్లో టీ కాచి ఫ్లాస్కులో తెచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. ఒక్కొక్కరికీ గ్లాసులు అందిస్తూ వస్తోంది. అత్తమ్మ తల దగ్గర ఎదురింటి పెద్దమ్మ కూర్చుని ఉంది. నర్సమ్మ ఆమె ముందు కొంచెం తటపటాయించి, దాటిపోబోయింది. పెద్దమ్మ చెయ్యి చాపి గ్లాసు అందుకుంది. చాలాసేపు తాగకుండా రెండు చేతులతో పట్టుకునే ఉంది. టీ మీద మీగడ కట్టింది. ఆ తర్వాత, అత్తమ్మ ముఖం మీదినుంచి చూపు తిప్పకుండా, చల్లారిన ఆ టీని కొద్దికొద్దిగా తాగింది.