ఎనానా రెండో కన్ను

ఎనానా నా పక్కింటిది. బార్లీ కల్లు కాచి అమ్మి బతికింది. నోరు పెద్దది. మత్తెక్కి పాటెత్తుకున్నవాణ్ణి గరిటె పుచ్చుకుని తరిమేది. ఎడమ కన్ను లేదు. కౌలు ధాన్యం తక్కువైందని జెంబెరె దొర కొరడాతో కొట్టినప్పుడు పోయింది. మా తానా సరస్సు ఒడ్డున ఆ సంగతి తెలియనివాడు లేడు, పైకి అన్నవాడూ లేడు.

మరియమ్మ చర్చి గోడకు కొత్త బొమ్మలు వేయిస్తున్నారని విని, రంగుల కోసం తను దాచుకున్నదంతా ఇచ్చేసింది. ఇచ్చినవాళ్ళ బొమ్మలు అమ్మవారి కాళ్ళ దగ్గర వేయడం మా ఆచారం. దొర కూడా ఇచ్చాడు. ఆ గోడ మీద వాడి పక్కనే, పోయిన కన్నుతో తను కనబడాలి. ఎనానాకు కావలసింది అదొక్కటే.

బొమ్మలేసే మెల్కాము ససేమిరా అన్నాడు.

"అమ్మా, మొహం పక్కకి తిప్పి ఒంటికన్ను వేసేది సైతానుకీ, పాపాత్ములకీ. మంచివాళ్ళకి రెండు కళ్ళు ఉండాల్సిందే. ఇది ఉత్త బొమ్మ కాదు, భాష. అక్షరం ముక్క రానివాడు కూడా గోడ చూసి చదువుకుంటాడు."

"మరి కన్ను పోగొట్టుకున్నదానికి నీ భాషలో ఏం మాటుంది?"

"లేదు."

"లేకపోతే పుట్టించు! పోనీ, ఆ దొరగాణ్ణయినా పక్కకి తిప్పు. వాడికి ఒక్క కన్ను చాలు."

"చర్చికి పొలం రాసిచ్చినాయన్ని తిప్పమంటావా? నా మెడ తిప్పేస్తారు!"

పండగనాడు గోడ మీది తెర తీశారు. నిమ్మకాయలంత రెండు కళ్ళతో ఎనానా. పక్కన అలాంటి కళ్ళతోనే దొర. అందరూ ఆహా ఓహో అన్నారు. దొర ముందుకొచ్చాడు. దొంగ సచ్చినోడు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

"చూశావా ఎనానా, మరియమ్మ తల్లి నీ కన్ను నీకు ఇచ్చేసింది. ఇంక మన మధ్య ఏముంది?"

చర్చి గురువుగారు ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ మంగళధ్వనులు చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ గోడనే చూస్తున్నారు, పక్కన నిలబడ్డ మనిషిని ఒక్కరూ చూడరేం!

ఎనానా నా భుజం పట్టుకుని, తన మొహం నా మొహం దగ్గరికి తెచ్చింది.

"ఒసే, నువ్వు చూసి చెప్పవే. వచ్చిందా?"

"రాలేదే," అని గొంతు చించుకుని అరిచాను. అప్పటికే డప్పులు మొదలయ్యాయి.