చెరుకుపల్లి మిల్లులో పైటకొంగు

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. మాది బాపట్లలో లూథరన్ కుటుంబం. నేను తెనాలిలో లెక్కల టీచర్‌ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, మీరు కళ్ళారా చూశారా అని అడిగి నోరు మూయించేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మా ఆయన తెనాలిలోనే బియ్యం మిల్లుల మిషన్లు చేసే వర్క్‌షాపులో డిజైనర్. తిరిగే బెల్టుకి అడ్డంగా బిగించే ఇనుప జాలీ అంటే ఆయనకి పిచ్చి. రక్షణ నిబంధనల పుస్తకం తెరిస్తే అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. జాలీ కంతలు ఎంతుండాలో, బెల్టుకి ఎంత దూరంలో బిగించాలో అందులో ఉంటుంది. ఆయనకి అది చాలేది కాదు.

"పుస్తకంలోది ప్యాంటూ చొక్కా వేసుకున్న మగాడి లెక్క. మన మిల్లుల్లో చాటలు పట్టుకు తిరిగేది చీరలు కట్టుకున్న ఆడోళ్ళు. ఏదీ, నీ చిటికెనవేలు పెట్టు," అనేవాడు.

సెలవు రోజుల్లో క్యారియర్ తీసుకెళ్ళినప్పుడల్లా నాకిదే పని. నా వేలు దూరిందా, ఆ జాలీ మార్చాల్సిందే. తర్వాత నా పైటకొంగు ఆనించి చూసేవాడు. అదయ్యాక కొంగు వెనక నుంచి లాగి, కుడి నడుముకి దోపి, "ఇప్పుడు నడు," అనేవాడు. నాకు ఎడమ పక్క దోపుకోవడం అలవాటు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెయ్యి కుడి పక్కకే పోయేది. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు ఆ సిగ్గు కోసమే ప్రాణం కొట్టుకుంటుంది.

ఎనభైల చివర్లో కామెర్లు వచ్చి ఆయన పోయాడు.

ఆ ఏడు దసరా వెళ్ళాక, తిండికి దాచిన ధాన్యం ఆడించడానికి చెరుకుపల్లి మిల్లుకి వెళ్ళాను. తెనాలిలో మిల్లులు లేక కాదు. ఆ మిల్లులో ఉన్నది ఆయన గీసిన మిషను. ఆ జాలీని ఒకసారి ముట్టుకోవాలనిపించింది.

పట్టపగలు. బెల్టు తిరుగుతోంది, జాలీ లేదు. ఆయుధపూజ నాడు చక్రానికి పసుపు రాసి బొట్లు పెట్టడానికి ఊడదీసి, మళ్ళీ బిగించడం మరిచారట. గోడకి ఆనించిన జాలీకి ఎండిపోయిన బంతిపూల దండ వేలాడుతోంది.

ఒళ్ళు మండి విసవిసా అటు నడిచాను. దారి బెల్టు పక్కనుంచే. కొంగు దోపుకోవాలన్న ధ్యాస లేదు. గాలికి కొంగు బెల్టు వైపు లేవడం చూశాను. చూస్తూ బిగుసుకుపోయాను.

అంతలో ఎవరో వెనక నుంచి కొంగు లాగారు. అలవాటైన చెయ్యి, తొందర లేకుండా లాగినట్టు. నడుముకి వేళ్ళు తగిలాయి. తిరిగి చూస్తే ధాన్యం బస్తాలు తప్ప మనిషి లేడు. కొంగు కుడి పక్క దోపి ఉంది.

ఎదురుగా తవుడు ఊడుస్తున్న మిల్లు పనిమనిషి సామ్రాజ్యం చీపురు వదిలేసింది.

"ఏంటి టీచరుగారూ, గాలి బెల్టు మీదికి కొడతంటే మీ కొంగు ఎనక్కెల్లిందేంటండి?"

మిషను ఆపించి, జాలీ బిగించేదాకా అక్కడే నిలబడ్డాను. చివర్న చిటికెనవేలు పెట్టి చూశాను. దూరలేదు.

భయంలో నేనే దోపుకుని ఉంటానని మా చెల్లెలు అంటుంది. కావచ్చు. కానీ కుడి పక్క నేనెప్పుడూ దోపుకోలేదు. మరి సామ్రాజ్యం చూసిందేమిటి? నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత చాలా ఏళ్ళు ధాన్యం అక్కడే ఆడించాను. ప్రతిసారీ జాలీ పక్కన కొంగు వదిలేసి కాసేపు నిలబడేదాన్ని. ఏమీ జరిగేది కాదు. జాలీ ఉంటే ఆయన రావాల్సిన పనేముంది?

ఒకసారి మిషను ఆగి ఉంది. పక్కనే రెంచి ఉంది. జాలీ విప్పి, బెల్టు తిప్పించి, ఒక్కసారి నిలబడితే చాలనిపించింది. నా చెయ్యి బోల్టు దాకా వెళ్ళింది. ఆ బోల్టు ఆయన లెక్కగట్టి పెట్టించింది. విప్పలేకపోయాను.

కొంగు నేనే దోపుకుని వచ్చేశాను. ఎడమ పక్కకే.