బంటింగ్ పైడమ్మతో జైలుకి

మలేషియాకి చాలామంది జంట టవర్లు చూడటానికి వెళ్తారు. నేను వెళ్ళింది జైల్లో ఉన్న మా తమ్ముడు సింహాచలాన్ని చూడటానికి. వాడు పోర్ట్ క్లాంగ్‌లో గోదాము పనికని శ్రీకాకుళం నుంచి వెళ్ళాడు. పాస్‌పోర్టు పట్టుకుని ఏజెంటు మాయమయ్యాడు. కాగితాలు లేవని పోలీసులు వీణ్ణి పట్టుకున్నారు. కౌలాలంపూర్‌లోని మన దౌత్య కార్యాలయానికి ఫోన్ చేస్తే ఒక అధికారి ఓపిగ్గా చెప్పారు: “మన దేశస్థుడు జైల్లో ఉంటే వెళ్ళి కలిసే హక్కు మాకుందమ్మా. కానీ మీ తమ్ముడే వద్దన్నాడు. అతను కాదంటే మేం వెళ్ళకూడదు.” ఎందుకు వద్దన్నాడో వాడినే అడుగుదామని బయల్దేరాను.

విమానాశ్రయం నుంచి బంటింగ్‌కి టాక్సీలో గంట కూడా పట్టదు. తెలిసినవాళ్ళ మాట మీద పైడమ్మ మామ్మ ఇంట్లో దిగాను. వాళ్ళ తాత మా వైపు నుంచే ఎస్టేటు కూలికి వచ్చాడు. ఆమె మాత్రం మన దేశం ఎప్పుడూ చూడలేదు. తలుపు తీస్తూనే “ఏటమ్మా, ఇలా సిక్కిపోనావు?” అంది. గుమ్మంలోనే ఆగిపోయాను. అచ్చం పోయిన మా నానమ్మ గొంతు! మా ఊళ్ళో ఇప్పుడు పిల్లలకి టీవీ భాషే వచ్చు. ఆ పాత మాట సముద్రం దాటి ఇక్కడ బతికుంది. లోపల మనవరాలు తమిళంలో ఏదో అడిగింది. “దీనికి తెలుగర్థమవుద్ది, నోరే తిరగదు లాహ్” అని మామ్మ నవ్వింది. ‘లాహ్’ అక్కడివాళ్ళు మాట చివర పెట్టే ఊతపదం.

పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిన్నాం. “నీకు మలాయ్ రాదు గదా, నానొస్తాను” అంటూ ఆమే చెప్పులు వేసుకుంది. జైలు రాజధానికి అవతల ఉంది. క్లాంగ్ దాకా బస్సు, అక్కడి నుంచి కమ్యూటర్ రైలు, రాజధానిలో ఇంకో రైలు మారాలి. ఛార్జీలు తక్కువే, సగం పూట మాత్రం ప్రయాణానికే పోతుంది. దారిలో పామాయిల్ తోటలు చూపిస్తూ, “అప్పుడివన్నీ రబ్బరు సెట్లే. మాయమ్మ పాలు గీసీది. సీకటితోనే ఎల్లిపోయీది” అని చెప్పుకొచ్చింది. మా నానమ్మ జీడితోటల కబుర్లు గుర్తొచ్చాయి.

జైలు గేటు దగ్గర నా పాస్‌పోర్టు, మామ్మ గుర్తింపు కార్డు చూసి, ఫోన్లు తీసుకుని, ఇద్దర్నీ లోపలికి పంపారు. అద్దానికి అవతల తమ్ముడు రిసీవరు ఎత్తాడు.

“ఎందుకొచ్చినావప్పా?” మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

“ఆఫీసర్ని ఎందుకు వద్దన్నావురా?”

“గవర్నమెంటుకి తెలిస్తే మనూరికి పోలీసులొస్తారు. అమ్మ తలెత్తుకోగలదేటి?”

“వాళ్ళు పోలీసులు కార్రా. నీ మాట వింటారు, లాయర్ని చూసిపెడతారు, ఇంటికి రావడానికి కాగితం ఇస్తారు.”

వాడు తల దించుకునే ఉన్నాడు. పైడమ్మ మామ్మ నా చేతిలోంచి రిసీవరు తీసుకుంది.

“బాబూ, మా తాత ఓడ దిగినాక ఆడెలాగున్నాడని అడిగినోడు లేడు. సచ్చిపోతే ఊరికి కబురైనా ఎల్లలేదు. నీకు అడిగీవోడున్నాడు. సిగ్గేటి నాయినా? రమ్మను లాహ్.”

వాడు చివాల్న తలెత్తాడు. రిసీవరు నాకిమ్మని సైగ చేసి, “ఈవిడెవరప్పా? నానమ్మలాగ మాటాడతంది” అంటూ ఏడ్చేశాడు. మామ్మ రిసీవరు మళ్ళీ తీసుకుని వాడికి ఒక మలాయ్ వాక్యం నేర్పింది. వాడు వార్డరు వైపు తిరిగి, తడబడుతూనే, మన అధికారిని కలుస్తానని చెప్పాడు.

అధికారి వచ్చి కలిశారు. కోర్టులో వాడి మాట తర్జుమా చేయడానికి తెలుగు తెలిసినవాళ్ళని పెట్టించారు. కోర్టు వేసిన శిక్ష పూర్తయ్యాక, పోయిన పాస్‌పోర్టు బదులు ప్రయాణపత్రం ఇచ్చి పంపారు. ఊరికి పోలీసులెవరూ రాలేదు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పటికీ మలేషియా అంటే నాకు ఆ రైలు కిటికీ, పక్కన మామ్మ గొంతే. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: దౌత్య కార్యాలయానికి జైల్లో ఉన్నవాళ్ళ పాస్‌పోర్టు నకలు ముందే పంపండి, కానీ అక్కడితో ఆగకండి. లోపలున్న మనిషి భయంతోనో సిగ్గుతోనో వద్దని ఉండొచ్చు. వెళ్ళి, అతని ఇంటి మాటలో నచ్చజెప్పి, అధికారిని రమ్మని అతని చేతే చెప్పించండి.